తలకు దెబ్బ తగిలితే స్కానింగ్ బదులు రక్తపరీక్ష సరిపోతుందా?

కొబ్బరితోట, అంబాజీపేట
సోమవారం, ఉదయం 10:35

అందరికీ నమస్కారమండి. మా బావ కొబ్బరి దింపు కార్మికుడు. ఈ పొద్దున్న ఎనిమిదింటికి చెట్టు దిగుతూ ఎండు మట్ట పట్టుకున్నాడట, అది ఊడి చేతికి వచ్చేసింది. పన్నెండు అడుగుల పైనుంచి పడ్డాడు. కింద అరటి పిలకలు ఉండబట్టి నడుముకేం కాలేదు కానీ కుడి కణత గట్టు మీది రాయికి తగిలింది. ఒకటి రెండు నిమిషాలు తెలివి లేదని తోడున్న వొలుపు వాళ్లు చెప్పారు. తర్వాత లేచాడు, అందరినీ గుర్తుపట్టాడు, ఇంటికి నడిచే వచ్చాడు. టీ తాగాక ఒకసారి వాంతి అయింది.

మా ఊరి డాక్టరు గారు అమలాపురం తీసుకెళ్లి తలకు సీటీ తీయించమన్నారు. బావ ససేమిరా అంటున్నాడు. "బాగానే ఉన్నాను కదరా, రెండ్రోజుల కూలి స్కానింగ్‌కి పొయ్యాలా" అంటాడు. మెదడుకు దెబ్బ తగిలిందో లేదో నెత్తురు చూసి పావుగంటలో చెప్పే పరీక్ష వచ్చిందని ఫోన్‌లో చదివాను. అది మన దగ్గర ఎక్కడైనా చేస్తారా? ఇంటికొచ్చి శాంపిల్ తీసుకెళ్లే ల్యాబ్ ఉంటే చెప్పండి. అక్క ఏడుస్తోంది, చాలా టెన్షన్‌గా ఉంది.

నైట్‌డ్యూటీ సిస్టర్, కాకినాడ
సోమవారం, ఉదయం 10:41

తమ్ముడూ, ముందు బండి మాట్లాడు, తర్వాత మిగతాది చదువు. తెలివి తప్పింది, వాంతి అయింది, ఎత్తు నుంచి పడ్డాడు, దెబ్బ కణత మీద తగిలింది. వీటిలో ఏ ఒక్కటున్నా ఊరుకోకూడదు. ఇక్కడ నాలుగూ ఉన్నాయి.

కణత దగ్గర ఎముక పల్చగా ఉంటుంది. దాని వెనకే ఒక రక్తనాళం పోతుంది. అది తెగితే నెత్తురు మెల్లగా పుర్రెకీ మెదడు పొరకీ మధ్య చేరుతుంది. ఆ మధ్యలో మనిషి బాగానే ఉంటాడు. మాట్లాడతాడు, అన్నం తింటాడు, పడుకుంటాడు. మా క్యాజువాలిటీకి అలా నడిచి వచ్చి రెండు గంటల్లో పిలిస్తే పలకని స్థితికి పోయినవాళ్లను నా చేతులతో వెంటిలేటర్ మీద పెట్టాను. "బాగానే ఉన్నాను" అన్న మాట మీ బావ నోటి నుంచి వస్తే నమ్మకు. స్కాన్ చెబితే నమ్ము.

దారిలో నొప్పి బిళ్ల అని ఆస్పిరిన్ లాంటిది వేయకు. తినడానికి ఏమీ పెట్టకు. మెడ నొప్పి అంటే మెడ కదలకుండా చూడు. పక్కన కూర్చుని మాట్లాడిస్తూ ఉండు. మాట ముద్దగా వచ్చినా, ఒక కంటిపాప పెద్దదైనా, ఫిట్స్ వచ్చినా 108కి చేసి నేరుగా న్యూరోసర్జన్ ఉన్న చోటికి వెళ్లండి.

కొబ్బరితోట, అంబాజీపేట
సోమవారం, ఉదయం 10:48

కారు వచ్చిందండి. బయలుదేరుతున్నాం. అక్క చెబితే ఎక్కాడు.

భీమవరం ల్యాబ్
సోమవారం, మధ్యాహ్నం 12:20

సిస్టర్ గారు చెప్పిందే సరైంది. తమ్ముడు క్షేమంగా చేరి ఉంటాడనుకుంటూ, అతను అడిగిన పరీక్ష గురించి నాకు తెలిసింది రాస్తాను. పద్దెనిమిదేళ్లుగా ల్యాబ్‌లో ఉన్నాను. ఈ విషయం నాకు చాలా ఇష్టం కాబట్టి కొంచెం పొడుగవుతుంది.

గుండెనొప్పి అనగానే మనం ట్రోపోనిన్ చేస్తాం. గుండె కండరం దెబ్బతింటే అందులోని ప్రోటీన్ నెత్తురులోకి కారుతుంది, దాన్ని కొలుస్తాం. మెదడుకీ అలాంటిది కావాలని చాలా ఏళ్లుగా వెతికారు. మొదట బాగా వాడుకలోకి వచ్చింది ఎస్100బి అనే ప్రోటీన్. అమ్మోనియం సల్ఫేట్ నూరు శాతం కలిసిన ద్రావణంలో కూడా కరిగే ఉంటుంది కాబట్టి పేరులో ఆ వంద. స్వీడన్, నార్వే వైపు డాక్టర్లు 2013లో ఇచ్చిన మార్గదర్శకాల్లో దానికి చోటిచ్చారు. చిన్న దెబ్బ, రిస్కు తక్కువ ఉన్న పెద్దవాళ్లకి, దెబ్బ తగిలిన ఆరు గంటల లోపు చేసి, లీటరుకు 0.10 మైక్రోగ్రాముల కన్నా తక్కువ వస్తే సీటీ లేకుండా ఇంటికి పంపొచ్చన్నారు. ఇబ్బంది ఏమిటంటే అది మెదడులోనే కాదు, కొవ్వులో, ఇంకొన్ని కణజాలాల్లో కూడా ఉంటుంది. చెట్టు మీంచి పడి కాలు విరిగినవాడికి మెదడు భేషుగ్గా ఉన్నా అది పెరిగి కనిపిస్తుంది.

ఇప్పుడు నడుస్తున్నవి రెండు. జీఎఫ్‌ఏపీ, యూసీహెచ్-ఎల్1. మొదటిది మెదడులో నరాల కణాలకు ఆసరాగా ఉండే నక్షత్రం ఆకారపు కణాల్లో, అంటే ఆస్ట్రోసైట్లలో ఉండే ప్రోటీన్. రెండోది నరాల కణాల్లోనే ఉండే ఎంజైమ్, పాతబడిన ప్రోటీన్లను సర్దే పని దానిది. దెబ్బకి కణాలు చిట్లితే రెండూ నెత్తురులోకి వస్తాయి. యూసీహెచ్-ఎల్1 తొందరగా పెరిగి ఎనిమిది గంటలకు గరిష్ఠానికి చేరి దిగిపోతుంది. జీఎఫ్‌ఏపీ ఇరవై గంటలకు గరిష్ఠానికి చేరి కొన్ని రోజులు నిలుస్తుంది. ఒకటి త్వరగా చెబుతుంది, ఇంకొకటి ఎక్కువసేపు చెబుతుంది. అందుకే జోడీగా కొలుస్తారు.

అమెరికాలో మందులకు, పరీక్షలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2018 ఫిబ్రవరిలో మొదటిసారి ఈ జోడీకి అనుమతి ఇచ్చింది. దెబ్బ తగిలిన 12 గంటల లోపు చేయాలి. మిల్లీలీటరుకి జీఎఫ్‌ఏపీ 22 పికోగ్రాములు, యూసీహెచ్-ఎల్1 327 పికోగ్రాములు హద్దు. పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్ల వంతు. అంత సన్నటి కొలత. ఫలితానికి మూడు నాలుగు గంటలు పట్టేది. 2021లో అబాట్ కంపెనీ వాళ్ల చేతిలో పట్టే ఐ-స్టాట్ మిషన్‌కి అనుమతి వచ్చింది, పావుగంటలో చెబుతుంది, కానీ నెత్తురుని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి ప్లాస్మా తీయాలి. 2024 ఏప్రిల్‌లో వచ్చినదానికి ఆ తిప్పుడూ అక్కర్లేదు. నరం నుంచి తీసిన నెత్తురు నేరుగా కాట్రిడ్జ్‌లో వేయడమే, 24 గంటల లోపు. తమ్ముడు ఫోన్‌లో చూసింది ఇదే అయ్యుంటుంది. నేను పనిచేసిన మూడు ల్యాబ్‌లలోనూ ఈ పరీక్ష లేదు, ఏ డాక్టరు గారూ రాసి పంపలేదు.

వశిష్ఠ ఒడ్డు, సఖినేటిపల్లి
సోమవారం, మధ్యాహ్నం 1:05

మాస్టారూ, ఇంత మంచి పరీక్ష మనకెందుకు లేదండి? ఎవరికైనా అవసరమంటే మా లంక ఊళ్ల వాళ్లకే. పగలైతే రేవులో పంటు ఎక్కి నర్సాపురం పోతాం. రాత్రి తలకు దెబ్బ తగిలితే చించినాడ వంతెన దాకా చుట్టు తిరిగి పోవాలి. వెళ్లాక స్కాన్ తీసి "ఏమీ లేదు" అంటారు. అర్ధరాత్రి కారు బాడుగ, స్కాన్ డబ్బులు, ఒక రోజు పని పోతాయి. దానికి భయపడే సగం మంది కదలరు. మా పీహెచ్‌సీలో ఆ మిషన్ ఒకటుంటే ఎంత మేలు!

పీజీ రెండో ఏడు
సోమవారం, మధ్యాహ్నం 2:30

తణుకు మాది, ఎమర్జెన్సీ మెడిసిన్ చదువుతున్నాను. భీమవరం మాస్టారు చెప్పినదానికి ఒక ముఖ్యమైన మాట కలపాలి. దీన్ని ట్రోపోనిన్‌తో పోల్చినప్పుడు చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. ట్రోపోనిన్ పెరిగితే "గుండెకు దెబ్బ తగిలింది" అని అర్థం చేసుకుని వైద్యం మొదలుపెడతాం. ఈ పరీక్ష బలం "ఉంది" అని చెప్పడంలో లేదు, "లేదు" అని చెప్పడంలో ఉంది.

అనుమతికి ఆధారమైన అధ్యయనం పేరు అలర్ట్-టీబీఐ. అమెరికా, జర్మనీ, హంగరీలలో 22 చోట్ల చేశారు. 1,959 మందికి సీటీ, రక్తపరీక్ష రెండూ ఉన్నాయి. సీటీలో ఏదో ఒకటి కనిపించింది 125 మందికే. వాళ్లలో 122 మందిని రక్తపరీక్ష పట్టుకుంది, ముగ్గురిని వదిలేసింది. నెగెటివ్ వచ్చినవాళ్లు 671 మంది, అందులో 668 మందికి సీటీ కూడా శుభ్రంగా ఉంది. అంటే నెగెటివ్ అంటే దాదాపు నమ్మొచ్చు. మరి పాజిటివ్? 1,288 మందికి పాజిటివ్ వచ్చింది, వాళ్లలో 1,166 మందికి సీటీలో ఏమీ లేదు.

కాబట్టి పాజిటివ్ వచ్చినవాడు ఎలాగూ సీటీకి వెళ్లాలి. నెగెటివ్ వచ్చినవాడికి, అదీ డాక్టరు చూసి మిగతా లక్షణాలేవీ లేవన్నాకే, ప్రయాణం తప్పుతుంది. వందలో 34 మందికి.

ఇప్పుడు ఈ తమ్ముడి బావ సంగతి. ఆయన గ్లాస్గో స్కోరు 15 అనుకుందాం. గ్లాస్గో అంటే 1974లో ఆ ఊరి డాక్టర్లు పెట్టిన లెక్క, కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6 మార్కులు. 15 వచ్చినా, తెలివి తప్పి లేచినవాళ్ల విషయంలో కెనడా వాళ్ల సీటీ నియమం మూడడుగుల కన్నా ఎత్తు నుంచి పడటాన్ని ప్రమాదకరమైన దెబ్బ కిందే లెక్కేస్తుంది. ఈయన పడింది పన్నెండు అడుగులు. చేతిలో ఆ మిషన్ ఉన్నా నేను దాని కోసం ఆగను, సీటీకి పంపుతాను.

వశిష్ఠ ఒడ్డు, సఖినేటిపల్లి
సోమవారం, మధ్యాహ్నం 3:10

వందలో 66 మంది ఎలాగూ వెళ్లాల్సిందే అంటే లాభం సగం కూడా లేదన్నమాట.

భీమవరం ల్యాబ్
సోమవారం, మధ్యాహ్నం 3:25

అలా కాదండి. సీటీ గది పక్కనే ఉన్న పెద్దాసుపత్రిలో 34 మంది తప్పడం చిన్న లాభమే. మీ లంక ఊరిలో అదే 34 మంది అంటే 34 అర్ధరాత్రి ప్రయాణాలు. దానికన్నా పెద్ద లాభం ఇంకోటుంది. పాజిటివ్ అని కాగితం మీద చూశాక, "ఏం కాలేదులే" అని మంచం దిగని మనిషి కూడా కారెక్కుతాడు. పొద్దున్న ఈ తమ్ముడికి కావలసింది అదే.

పీజీ రెండో ఏడు
సోమవారం, సాయంత్రం 4:15

మాస్టారి రెండో మాట ఒప్పుకుంటాను. మొదటిదానికి ఒక జాగ్రత్త చెప్పాలి. ఆ అధ్యయనంలో నూటికి 6 మందికే సీటీలో గాయం ఉంది. మన దగ్గర చిన్న దెబ్బలకు ఆసుపత్రికే రారు. హైవే మీద హెల్మెట్ లేకుండా పడినవాళ్లు, చెట్టు మీంచి జారినవాళ్లు వస్తారు. వచ్చినవాళ్లలో నూటికి 30 మందికి గాయం ఉందనుకోండి. అదే పరీక్ష, అదే నాణ్యత. నెగెటివ్ వచ్చేది 26 మందికి, వాళ్లలో దాదాపు ఒకరికి లోపల గాయం ఉంటుంది. అక్కడ 671లో ముగ్గురు, ఇక్కడ 26లో ఒకరు. పరీక్ష మారలేదు, దాని ముందు నిలబడ్డ జనం మారారు. అందుకే మన జిల్లాల్లో పెట్టాలంటే ముందు మన క్యాజువాలిటీల్లో, మనవాళ్ల మీద చూసి పెట్టాలి. పెట్టాలనే నేనూ కోరుకుంటాను.

పాలకొల్లు టీచర్
సోమవారం, సాయంత్రం 5:40

మా నాన్నగారి విషయం చెప్పాలి, ఎవరికైనా పనికొస్తుంది. గుండె వాల్వు ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి నెత్తురు పల్చబడే మందు వాడతారు. రెండేళ్ల కిందట బాత్‌రూమ్‌లో జారి తల గోడకు తగిలింది. చిన్న బొప్పి కట్టింది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చూపించాం, ఏ మందులు వాడుతున్నారని ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. నొప్పి బిళ్లలిచ్చి పంపారు. మూడు వారాలకు ఎడమ కాలు ఈడ్చడం మొదలైంది, నన్ను మా చెల్లి పేరుతో పిలవడం మొదలుపెట్టారు. వయసు అనుకున్నాం. చివరికి సీటీ తీస్తే మెదడు పక్కన పాత నెత్తురు, కొత్త నెత్తురు పొరలు పొరలుగా పేరుకుని ఉంది. పుర్రెకి రంధ్రాలు పెట్టి తీశారు. దేవుడి దయ వల్ల ఇప్పుడు పేపర్ చదువుతున్నారు.

నా ప్రశ్న, ఆ రోజే ఈ రక్తపరీక్ష చేసి ఉంటే తెలిసేదా?

పీజీ రెండో ఏడు
సోమవారం, రాత్రి 7:55

టీచర్ గారూ, నాన్నగారు కోలుకున్నందుకు సంతోషం. మొదటి రోజు నెగెటివ్ వచ్చినా దాని అర్థం ఆ గంటకు సీటీలో కనిపించేంత గాయం లేదని మాత్రమే. తర్వాత మూడు వారాలు చుక్క చుక్కగా చేరే నెత్తురుకి అది హామీ ఇవ్వదు. పెద్ద వయసులో జీఎఫ్‌ఏపీ మామూలుగానే కొంచెం ఎక్కువుంటుంది కాబట్టి ఏ గాయం లేకపోయినా పాజిటివ్ రావడం కూడా ఎక్కువే. నెత్తురు పల్చబడే మందు వాడేవాళ్లకి తలకు దెబ్బ తగిలితే సీటీకే వెళ్లాలి. ఆ మందు పేరు రాసిన చీటీ పర్సులో ఉండాలి.

పిల్లల గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి చెబుతున్నా, ఆ చేతి మిషన్ అనుమతి 18 ఏళ్లు నిండినవాళ్లకే.

కొబ్బరితోట, అంబాజీపేట
సోమవారం, రాత్రి 9:20

అందరికీ చేతులెత్తి మొక్కుతున్నానండి. కణత దగ్గర ఎముక సన్నగా చిట్లింది. లోపల కొంచెం నెత్తురు ఉంది. స్కాన్ బల్ల దిగాక ఇంకోసారి వాంతి చేసుకున్నాడు, మాట మత్తుగా అయింది. అక్కడి నుంచి కాకినాడ పంపారు. ఇప్పుడు అక్కడే ఉన్నాం. ఆపరేషన్ ఇప్పటికి అక్కర్లేదట, గంట గంటకీ లేపి కళ్లలో టార్చి వేసి చూస్తున్నారు. రేపు మళ్లీ సీటీ తీస్తారు.

పొద్దున్న సిస్టర్ గారు అలా గట్టిగా చెప్పకపోతే నేను ఇంకా ల్యాబ్ నంబర్ల కోసం వెతుకుతూ ఉండేవాణ్ణి.

నైట్‌డ్యూటీ సిస్టర్, కాకినాడ
సోమవారం, రాత్రి 9:31

నువ్వు కదిలావు తమ్ముడూ, అదే పెద్ద విషయం. రాత్రంతా లేపుతారు, బావ విసుక్కుంటాడు. విసుక్కోనీ. విసుక్కుంటున్నాడంటే తెలివిలో ఉన్నట్టే. అక్కని కాస్త ఏమైనా తినమను.

కొబ్బరితోట, అంబాజీపేట
తొమ్మిది రోజుల తర్వాత, బుధవారం, ఉదయం 8:10

బావ ఇంటికి వచ్చాడండి. రెండో సీటీలో నెత్తురు పెరగలేదు. అయిదో రోజు పంపించారు. కానీ సాయంత్రమయ్యేసరికి తలనొప్పి, వెలుగు చూడలేడు, చిన్నమాటకి కోపం. నిన్న కత్తి ఎక్కడ పెట్టాడో మర్చిపోయి ఇల్లంతా వెతికాడు. ఎప్పటికి మామూలు మనిషవుతాడో చెప్పే రక్తపరీక్ష ఏమైనా ఉందా?

పీజీ రెండో ఏడు
బుధవారం, మధ్యాహ్నం 1:45

దీనికి సూటిగా చెబుతాను. లేదు. అమెరికాలో ట్రాక్-టీబీఐ అని పెద్ద అధ్యయనం నడిచింది. దెబ్బ తగిలిన రోజు ఈ రెండు ప్రోటీన్లు చాలా ఎక్కువుంటే ప్రాణాపాయం, తీవ్రమైన వైకల్యం ఎవరికి వస్తాయో బాగానే ఊహించగలిగారు. కానీ మీ బావలా బయటపడినవాళ్లలో ఎవరు పూర్తిగా కోలుకుంటారు, ఎవరికి తలనొప్పులు మిగులుతాయి అన్నది వాటితో సరిగా తేలలేదు. అదే అధ్యయనంలో ఇంకొకటి బయటపడింది. సీటీ శుభ్రంగా ఉండి, జీఎఫ్‌ఏపీ ఎక్కువున్న కొందరికి ఎంఆర్‌ఐ తీస్తే గాయం కనిపించింది. అంటే "స్కాన్ నార్మల్ కదా, నటిస్తున్నాడు" అని ఇంట్లోవాళ్లు అనే మనిషికి నిజంగానే గాయం ఉండొచ్చు. 2025లో వచ్చిన కొత్త వర్గీకరణలో అందుకే డాక్టరు పరీక్ష, స్కాన్ పక్కన రక్త మార్కర్లకూ చోటిచ్చారు.

బావకి ఇప్పుడు కావలసింది నిద్ర, వెలుగు తక్కువున్న గది, కొద్దికొద్దిగా నడక, తాగుడు అలవాటుంటే పూర్తిగా మానడం. కోపం ఆయన స్వభావం కాదు, గాయం చేయిస్తున్నది. అక్కకి ఇది విడిగా చెప్పండి. నొప్పి రోజురోజుకీ పెరిగినా, మళ్లీ వాంతులైనా వెంటనే తీసుకెళ్లండి.

ముక్కామల దింపు
బుధవారం, సాయంత్రం 6:30

నేనూ చెట్టెక్కేవాణ్ణే, ఇరవై రెండేళ్లుగా. మాలో పడని వాడు లేడు. పడితే చుట్టూ చేరి నీళ్లు కొడతాం, లేచి కూర్చుంటే అదృష్టం అనుకుని ఇంటికి పంపిస్తాం. ఇంతే చేశాం ఇన్నాళ్లూ. మీ బావ మళ్లీ ఎప్పుడు ఎక్కొచ్చు? అది కూడా రాయండి డాక్టరు గారూ, మేమెవరూ అడగకుండానే వారానికి ఎక్కేస్తాం.

పీజీ రెండో ఏడు
బుధవారం, రాత్రి 8:20

వారానికి అస్సలు వద్దండి. ఎముక చిట్లింది, లోపల నెత్తురు ఉంది కాబట్టి ఆపరేషన్ చేసే డాక్టరు గారు మళ్లీ చూసి రాసిచ్చేదాకా చెట్టు ఎక్కకూడదు. నెలలు పట్టొచ్చు. తల తిరగడం, మందగించడం పూర్తిగా పోకముందు యాభై అడుగులు ఎక్కితే రెండో దెబ్బ మొదటిదానికన్నా ఘోరంగా ఉంటుంది. ఈలోగా కింద లెక్క చూసే పని, పోగేసే పని ఇప్పించండి.

కొబ్బరితోట, అంబాజీపేట
గురువారం, ఉదయం 7:15

మా తోటల వాళ్లం నలుగురం మాట్లాడుకున్నాం. లెక్క రాసే పనికి పెట్టారు, సగం కూలి ఇస్తామన్నారు. ఇక్కడ మీరంతా చెప్పినవీ, ఆసుపత్రిలో విన్నవీ పెద్ద అక్షరాలతో రాయించి కాయలు పోసే షెడ్డులో అంటించాను. తెలివి తప్పడం, వాంతి, మాట ముద్దగా రావడం, ముక్కు చెవుల నుంచి నీరు గానీ నెత్తురు గానీ కారడం, ఫిట్స్, నెత్తురు పల్చబడే మందు. కింద 108. ఇంకేమైనా రాయాలా?

నైట్‌డ్యూటీ సిస్టర్, కాకినాడ
గురువారం, ఉదయం 9:40

ఒకటి మర్చిపోయావు తమ్ముడూ. అందరికన్నా పైన రాయించు. పడిన టైమ్ చూసి చేతి మీద పెన్నుతో రాయాలి. ఇక్కడికి వచ్చినవాళ్లని మేము మొదట అడిగేది అదే, "పొద్దున్న ఎప్పుడో అండి" అంటారు. నెత్తురు ఎంతసేపట్నుంచి చేరుతోందో అంచనా వేయాలన్నా, రేపు ఆ మిషన్ మన పీహెచ్‌సీకి వచ్చాక 24 గంటల లెక్క చూడాలన్నా ఆ టైమే కావాలి.

కొబ్బరితోట, అంబాజీపేట
గురువారం, ఉదయం 11:05

రాయించానండి. పెన్ను కూడా దారానికి కట్టి అక్కడే వేలాడదీశాను.